ఆ రోజు సుగుణ మాతోనే ఉంది

నేను సైన్సు టీచర్ని. దయ్యాలున్నాయన్న పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టిన దాన్ని. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళు నోరు విప్పి చెప్పలేదు.

తొంభైల చివర్లో మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో పనిచేసేవాళ్ళం. నేను, రజిత, మేరీ, సుగుణ. ఏటా బడి ఆఖరి రోజున నలుగురం ఒకేలాంటి చీరలు కట్టుకుని ఫస్ట్ షోకు, ఆ తర్వాత హైవే మీది ధాబాలో భోజనానికి వెళ్ళేవాళ్ళం. మొగుళ్ళూ పిల్లలూ వెంట లేని పూట మాకు ఏడాదికి అదొక్కటే.

సుగుణ అత్తగారి ఊరు షామీర్‌పేట దగ్గర. మొగుడికి పొలాలున్నాయి, చెయ్యి చేసుకునే అలవాటూ ఉంది. పది నిమిషాలు ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే ఎక్కడున్నా "అక్కా, టైమెంతైంది?" అని ప్రాణం తీసేది. మేం నవ్వేవాళ్ళం. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ ఏడు ఆఖరి రోజు సుగుణ బడికి రాలేదు. మొగుడు పంపలేదనుకున్నాం. అయినా ఆశ చావక ఆడవాళ్ళ లైన్లో నిలబడి నాలుగు టికెట్లూ తీసుకున్నాను. సినిమా మొదలైన కాసేపటికి వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. అందరం అనుకున్న గులాబీరంగు చీరే కట్టుకుంది. టికెట్ నా పర్సులోనే ఉంటే గేటులో ఎలా వదిలారో అప్పుడు తట్టలేదు.

"ఏందే, పంపిండా?" అంది రజిత.

"ఇయ్యాల నన్నెవరడుగుతరు?" అంది సుగుణ.

ధాబాలో ట్యూబులైటు కింద ఎదురెదురుగా కూర్చున్నాం. ఎప్పుడూ రెండు ముద్దలు తిని లేచే మనిషి, మళ్ళీ అన్నం పెట్టించుకుని నిదానంగా తింది.

"జల్దీ తినే, మళ్ళ ఆయన లొల్లి పెడ్తడు" అన్నాను నేనే.

"ఇయ్యాల నాకు జల్దీ లేదక్కా."

ఒక్కసారి కూడా టైము అడగలేదు. పదింటికి పేట్ బషీరాబాద్ వైపు మా బస్సు ముందొచ్చింది. ముగ్గురం ఎక్కేశాం. తను స్టాపులో ఒక్కతే నిలబడి చెయ్యి ఊపింది.

మర్నాడు వాళ్ళ పొలం బావిలో సుగుణ శవం దొరికింది.

నీళ్ళలో పడకముందే, ముందురోజు మధ్యాహ్నానికే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. ఆ వేళ ఇంట్లో ఉన్నది మొగుడొక్కడే. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా మాత్రం అతను గండిమైసమ్మ దగ్గర చుట్టాల పెళ్ళిలో, అందరి కళ్ళ ముందే ఉన్నాడు. పోలీసులు మమ్మల్ని అడిగారు. రాత్రి పదింటిదాకా సుగుణ మాతోనే ఉందని ముగ్గురం చెప్పాం. చూసింది చెప్పాం. డాక్టరే పొరబడ్డాడన్నారు. సినిమా నుంచి వచ్చి, ఎవరూ లేనప్పుడు తనే దూకి ఉంటుందని తేల్చి, అతన్ని వదిలేశారు.

అతను బడికి వచ్చి మరీ నాకు దండం పెట్టాడు. "నిజం చెప్పిండ్రు టీచరమ్మా, మీ మేలు మర్వ" అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత ఆ పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్మాడు, లీడరయ్యాడు. పండగ పండగకూ చౌరస్తాలో చేతులు జోడించిన అతని ఫ్లెక్సీ కిందే నేను బస్సు కోసం నిలబడాలి.

నెల తర్వాత సుగుణ తల్లి మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి ఆ గులాబీరంగు చీర తీసింది. ఫాల్ కుట్టమని ఇచ్చిన టైలరు దగ్గరే అన్ని రోజులూ ఉండిపోయిందట. ఫాల్ సగమే కుట్టి ఉంది. సుగుణ దాన్ని తెచ్చుకోనే లేదు.

"అబద్ధం జెప్పిన అని ఒక్కమాట అను బిడ్డా. ఠాణాకు నేను తీస్కపోత. నీ కాల్మొక్త."

అనలేకపోయాను. నేను అబద్ధం చెప్పలేదు. ఆవిడ చీర మడత పెట్టుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

చనిపోయిన మనిషి వచ్చి అన్నం తిని వెళ్ళిందంటే నేను నమ్మను. రాలేదంటే ముగ్గురం ఎవరిని చూశామో చెప్పలేను. తన బతుక్కి ఒక్క సాయంత్రం ఏ తొందరా లేకుండా మాతో గడపడానికి వచ్చిన పిల్లను, ఎందుకొచ్చావే అని ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను.