ఒకవైపే పదును పెట్టిన రంపం

పోయిన వేసవిలో పులివెందుల దగ్గర మా బత్తాయి తోటలో బోరు ఎండిపోయి, చీనీ చెట్లన్నీ నిలువునా మాడిపోయాయి. వాటిని కొట్టడానికి ప్రొద్దుటూరు నుంచి మస్తాన్ మామ మిషను రంపం తెచ్చాడు. మధ్యాహ్నం నమాజుకు పోతూ, "చైను మొద్దుబారింది. నేనొచ్చి పదును పెడతా, ముట్టుకోవాకప్పా" అన్నాడు.

నాకు ఆగే ఓపిక ఎక్కడిది! ఆకురాయి తీసుకుని, చైనుకు అటూ ఇటూ ఉండే పళ్లలో చేతికి అనువుగా ఉన్న కుడివైపు వాటిని గట్టిగా అరగదీశాను. ఎడమవైపు పళ్లను పట్టించుకోలేదు. రంపం మొద్దు మీద పెట్టగానే కోత వంకరపోయి ఇరుక్కుంది. బలంగా లాగేసరికి ఊడివచ్చి, మోకాలి పక్కన ప్యాంటును చీల్చుకుంటూ పోయింది. కాలికి మాత్రం తగల్లేదు.

మామ వచ్చి ముందు నా కాలు తడిమి చూశాడు, తర్వాత చైను చూశాడు.

"ఒగ పక్కే అరగదీసినావు గదప్పా! ఇప్పుడు రెండో పక్క గూడా దీనంత అరగదీయాల. లేకుంటే నేరుగా కొయ్యదు."

"చైను కొత్తదా మామా?"

"మొన్ననే ఏసినా."

మామ రంపాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో పన్నుకు ఇన్నిసార్లని లెక్కపెట్టుకుంటూ గంటసేపు ఆకురాయి తోశాడు. బాగున్న పళ్లన్నీ నా తప్పుకు సరిపడా పొట్టివయ్యాయి. ఆయన లుంగీ మీద రాలిన ఇనుప రజను ఇప్పటికీ నా కళ్లముందు మెరుస్తూనే ఉంది. తొందరపడింది నేను, అరిగిపోయింది ఆయన చైను.