దించిన సాక్సఫోన్

మా బావ గొంతులో ఉన్నది మామూలు గడ్డ కాదని హైదరాబాద్ దవాఖానలో చెప్పిన రోజున ఆయన డాక్టరును అడిగింది ఒక్కటే మాట.

"ఊదుడు అయితదా సార్?"

డాక్టరుకు అర్థం కాలేదు. మా బావ పెళ్లి బ్యాండులో సాక్సఫోన్ వాయిస్తాడని పక్కనుంచి నేనే చెప్పాను. డాక్టరు మంచివాడే, అబద్ధమాడలేదు. ఆపరేషన్ చేస్తే మెడకు రంధ్రం పెడతామనీ, ఇక ఊపిరంతా అక్కడి నుంచేననీ, నోట్లోంచి గాలి రాదనీ, మాటా రాదనీ విడమరిచి చెప్పాడు. చేయకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. మా అక్క కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట పోతుందన్న సంగతిని బావ పట్టించుకోలేదు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అది ఆ ఇత్తడి గొట్టంలో నుంచే చెప్పేవాడు.

సూర్యాపేటలో మాదొక బ్యాండు షాపు. షాపంటే ఒక గది, ముందర బోర్డు, లోపల మేకులకు వేలాడే ఎర్రకోట్లు. ఒకప్పుడు పెళ్లిళ్ల సీజన్ వస్తే రెండు జట్లుగా విడిపోయి పోయేవాళ్లం. తర్వాత డీజే బండ్లు వచ్చాయి. వాటిని తిట్టీ తిట్టీ నా నోరు అరిగిపోయింది, అవి మాత్రం ఆగలేదు. మా క్లారినెట్ ఆటో తోలుకుంటున్నాడు. ట్రంపెట్ ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. చివరికి సాక్సఫోన్ బావ, డ్రమ్ము నేను, మేమిద్దరమే మిగిలాం.

నేను బ్యాండులో చేరినప్పుడు బావ నాకు మొదట నేర్పింది డ్రమ్ము పుల్లలు పట్టడం కాదు, ఆపడం. బారాతుకు, అంటే పెళ్లి ఊరేగింపుకు, శవం ఎదురైతే ఎక్కడివాళ్లం అక్కడ వాయిద్యాలు దించాలి. పెళ్లికొడుకు తమ్ముడు మెడ మీద ఎక్కి కూర్చున్నా సరే, దించాల్సిందే. శవం దాటిపోయాక మళ్లీ మొదలుపెట్టవచ్చు గానీ, ఆపిన పాటను మాత్రం ఆ రోజు ఎత్తుకోకూడదు. ఆ పాట పోయినవాళ్ల వెంట పోయినట్టే. ఒకసారి పెన్‌పహాడ్‌లో పెళ్లివాళ్లు మంచి ఊపు మీద ఉండగా దించేశాం. చిందులేస్తూ ఎగిరేవాళ్లు మా మీదికి కొట్లాటకొచ్చారు. బావ తల వంచుకుని నిలబడ్డాడు తప్ప నోటికి గొట్టం ఆనించలేదు.

ఇక జాజ్ అనే అమెరికా సంగీతం సంగతి. అది ఆయనకు ఫోన్లో దొరికింది. పని లేని రోజుల్లో షాపులో కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఎక్కడెక్కడివాళ్లో వాయించేది వింటూ ఉండేవాడు. ఏముంది బావా అందులో అని విసుక్కుంటే ఇట్లా చెప్పాడు.

"ముందుగాల అందరు కలిసి పాట వాయిస్తర్రా. అటెన్క ఒక్కొక్కడు తన ముచ్చట తను చెప్పుకుంటడు. ఏం చెప్పాల్నో ముందు అనుకోడు, అప్పటికప్పుడు ఏమొస్తే అది. మిగిలినోళ్లు ఇంటరు. ఆఖరికి మళ్ల అందరు పాట మీదికొస్తరు."

మా వైపు పంచాయతీ లాంటిదే, కాకపోతే ఇందులో ఒకరి మాటకు ఒకరు అడ్డం రారన్నమాట. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"బారాతుల మనదంటు ఏముందిరా? ఆళ్లు అడిగిన పాట, ఆళ్లు ఎగిరినంత సేపు. మీసాలు రానప్పటి సంది ఊదుతున్న. నాది ఒక్కటి ఊదలే."

అప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. ఒక్కసారి, పదిమంది కూర్చుని వింటుండగా, తనకు తోచింది వాయించాలి. ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఆ ధ్యాస ముదిరిపోయింది. మా అక్క ఏడ్చేది. బావ సాక్సఫోన్ మూతికి బిగించే పలచని రీడులు ఏరుకునేవాడు.

అట్లాంటప్పుడే మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. అక్కడ రైస్ మిల్లుల వాళ్లూ వ్యాపారస్తులూ కలుసుకునే క్లబ్బు ఒకటుంది. దాని కార్యదర్శి ఏదో పెద్ద హోటల్లో ముగ్గురు మనుషులు మెత్తగా వాయిస్తుంటే జనం భోంచేయడం చూసి వచ్చాడట. తమ క్లబ్బు వార్షికోత్సవానికి అలాంటిది కావాలి. మాటలుండకూడదు, హోరుండకూడదు, జాజ్ లాగా ఉండాలి, మీవాళ్లు వాయిస్తారా అని అడిగాడు. మాకెక్కడ వస్తుంది సార్ అనబోయాను. బావ నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. అప్పటికే గొంతు బొంగురుపోయి గాలి తప్ప మాట సరిగా రావడం లేదు.

"వాయిస్తం సార్. తప్పక వాయిస్తం."

కార్యక్రమం పడింది బావను దవాఖానలో చేర్చడానికి హైదరాబాద్ బస్సెక్కాల్సిన రోజుకు ముందటి సాయంత్రం.

కీబోర్డుకు కోదాడ నుంచి ఒకతన్ని పిలిపించాం. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, ఎడమ చేత్తోనే బేస్ గిటార్ లేని లోటు తీరుస్తాడు. మెత్తగా వాయించాలంటే నా డ్రమ్ము పుల్లలు పనికిరావు. మా అక్క చీపురులోంచి కొబ్బరి ఈనెలు లాగి రెండు కట్టలు కట్టుకున్నాను. అవి డ్రమ్ము చర్మం మీద రాస్తుంటే చాటలో బియ్యం చెరిగినట్టు వినిపించింది. ఎర్రకోట్ల కింద కూర్చుని సాధన చేశాం. నాలుగు పాత సినిమా పాటలు నెమ్మదిగా, చివర బావ సొంతంగా కట్టుకున్న ఒక చిన్న పాట. ఆ పాట ముగ్గురం ఒకసారి వాయించాక మధ్యలో ఆయన ఒక్కడిదే. ఆ భాగం మాత్రం సాధనలో వాయించలేదు.

"అది ఇప్పుడు ఊదితే గాడ ఏముంటది?" అన్నాడు. "నేను తల ఊపిందాక మీరు పాట అందుకోవద్దు. ఊపినంక రాండ్రి."

క్లబ్బులో అంతా మర్యాదగానే ఉంది. తెల్లచొక్కాలు వేసుకుని రమ్మన్నారు, వేసుకున్నాం. ఏసీ మొరాయించిందని కిటికీలు తెరిచారు. అప్పుడే లైట్లు వేశారు. నాలుగు పాటలూ వాయించాం. జనం వడ్ల రేటు మాట్లాడుకున్నారు, కట్‌లెట్లు తిన్నారు, పక్కగదిలో పేకాట సాగింది. ఒకరిద్దరు పాట గుర్తుపట్టి తలలూపారు. నాకు మండింది. బావకు మాత్రం ఏమీ పట్టలేదు, ఆయన చూపంతా చివరి పాట మీదే ఉంది.

అది మొదలైంది. ముగ్గురం కలిసి ఒకసారి వాయించి, మేమిద్దరం తగ్గాం. బావ కళ్లు మూసుకున్నాడు. మొదట ఒకే స్వరం పట్టుకుని నిలబడ్డాడు, గుమ్మంలో నిలబడి లోపలికి రావాలా వద్దా అనుకునే మనిషిలా. తర్వాత కొంచెం కిందికి దిగాడు. అక్కడొక ముక్క అన్నాడు. అదే ముక్కను ఇంకో తీరుగా అన్నాడు. నేను ఆయన పక్కన ఎన్ని ఊళ్లు తిరిగానో, అలాంటిది ఎన్నడూ వినలేదు. ముందు బల్ల దగ్గర మాటలు ఆగాయి. ప్లేట్లు పేరుస్తున్న క్యాటరింగ్ మనిషి చేయి ఆపి చూశాడు. కార్యదర్శి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంటున్నరు బావా, ఇంటున్నరు అని లోపల్లోపల అనుకుంటూ ఈనెలు రాస్తున్నాను.

కిటికీలోంచి డప్పు వినబడింది.

డ్రమ్ము వాణ్ణి కదా, ముందు నాకే తెలిసింది. పెళ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. క్లబ్బు ముందు రోడ్డు మీదుగా ఎవరినో వైకుంఠధామానికి తీసుకుపోతున్నారు. నా చేతులు ఆగిపోయాయి. తలెత్తి చూసేసరికి బావ సాక్సఫోన్ దించేశాడు. దించి, తల వంచుకుని నిలబడ్డాడు, పెన్‌పహాడ్‌లో నిలబడ్డట్టే. కోదాడ మనిషి ఒక్కడే కాసేపు వాయించి, మా ఇద్దరి వైపూ చూసి, వేళ్లు తీసేశాడు.

అంతలో ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పాట అయిపోయిందనుకున్నారు. కార్యదర్శి మైకు అందుకుని, చాలా హాయిగా ఉందనీ, కళాకారులకు ధన్యవాదాలనీ, ఇక అందరూ భోజనాలకు లేవాలనీ చెప్పాడు. కుర్చీలు కదిలాయి. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వేశారు.

కోదాడ మనిషికి కోపం ఆగలేదు.

"ఏంటి మాస్టారూ ఇది? మనమేమన్నా రోడ్డు మీద ఉన్నామా? హాల్లో కూర్చున్నాం కదండీ. మనం ఎవరికి ఎదురొచ్చామని?"

నిజమే. ఎదురు రాలేదు. మధ్యలో గోడ ఉంది. ఆపకపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. బావ సాక్సఫోన్ వైపు చూశాడు.

"నేను ఆపలే," అన్నాడు గాలి గొంతుతో. "అదే ఆగింది."

"మళ్ల ఎత్తుకో బావా," అన్నాను. "తినెటోళ్లు తినని. క్యాటరింగ్ ఆయన ఇంటడు, మేం ఇంటం."

"ఆగిన పాట ఇయ్యాల ఎత్తుకోవద్దు గదరా."

ఆయన నాకు మొదట నేర్పిన పాఠమే అది. ఎవరు పెట్టారో తెలియని ఆ కట్టుబాటును ఆ రాత్రి దారి పొడుగునా తిట్టుకున్నాను.

తెల్లారి బస్సుకు ముందే వాళ్లింటికి పోయాను. ఇయ్యాల వేరే రోజు కదా, ఇప్పుడు ఊదు బావా అని బతిమాలాను. పెట్టె తెరిచాడు. రీడు తడిపి బిగించాడు. నోట్లో పెట్టుకున్నాడు. అక్క గడపలో నిలబడి చూస్తోంది. కాసేపటికి నోట్లోంచి తీసేశాడు.

"నేర్చుకున్న పాటైతే ఊదేటోణ్ణి. ఇది నిన్న గాడ రావాల్సింది. ఇప్పుడు లేదు."

ఇగ నడువు, బస్సు పోతది అన్నాడు. నేను ఆయన నోటి నుంచి విన్న ఆఖరి మాటల్లో అదొకటి.

ఆపరేషన్ అయింది. మనిషి బతికాడు. బతికాడనే అందరం అంటున్నాం. మెడకు గుడ్డ చుట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చుంటాడు. సాక్సఫోన్ పెట్టె మంచం కిందికి పోయింది. షాపు ఖాళీ చేసి తాళం ఇచ్చేశాను. చివ్వెంల పోయే రోడ్డు మీద ఒక హోటల్లో నాకు పని దొరికింది. వారానికోసారి పోయి బావ పక్కన కూర్చుంటాను. నేనే మాట్లాడతాను, లేకపోతే ఇద్దరం రోడ్డు చూస్తాం.

మొన్న పోయినప్పుడు కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. ఒళ్లో చేతులు కదులుతున్నాయి. ఎడమ చేయి పైన, కుడి చేయి కింద, మీటల మీద పెట్టినట్టే. వేళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి, ఒకచోట నిలబడుతున్నాయి. మొదట ఒకే వేలి మీద చాలాసేపు ఉన్నాడు. తర్వాత కొంచెం దిగాడు. ఆ సాయంత్రం పాట మొదలైన తీరే అది. క్లబ్బులో వాయించినంత సేపు దాటినా ఆగకుండా ముందుకు పోయింది. వేళ్లు ఎక్కడెక్కడికో పోతున్నాయి, నెమ్మదిగా, ఒక్కసారిగా, మళ్లీ నెమ్మదిగా. ఆయన ముఖం వెలిగిపోతోంది. నేను డ్రమ్ము వాయించేవాణ్ణి. ఏ వేలు పడితే ఏ స్వరం పలుకుతుందో నాకు తెలియదు. తెలిసినవాళ్లను పిలుద్దామంటే మా సూర్యాపేటలో నాకు తెలిసి సాక్సఫోన్ వచ్చినవాడు ఆయనొక్కడే.

మెడ దగ్గరి రంధ్రంలోంచి ఊపిరి వస్తూ పోతూ ఉంది. అదొక్కటే చప్పుడు.

చాలాసేపటికి వేళ్లు నిలిచాయి. బావ కళ్లు తెరిచి నా వైపు చూసి తల ఊపాడు. ఇప్పుడు నువ్వు పాట అందుకో అని. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. పాట ఎక్కడుందో నాకు తెలియలేదు.