ఏ ఊరి పురుగు

మా ల్యాబ్ టెక్నీషియన్‌ని అందరం మావయ్య అనేవాళ్లం. భిలాయిలో తెలుగువాడెవడు ఎదురైనా ముందు "మీదే ఊరు బాబూ?" అని అడిగేవాడు. టైఫాయిడ్ బ్యాక్టీరియానీ వదల్లేదు. అది పెరిగిన ప్లేటు మీద, బ్యాక్టీరియాని తినే ఫేజులనే వైరసులను రకానికో చుక్క వేసి, ఏ చుక్కలకు చచ్చిందో చూసి దాని వంశం చెప్పేవాడు.

ఓసారి మా పెద్దసారుకే టైఫాయిడ్ వచ్చింది. క్యాంప్ 2 బస్తీలో గుప్‌చుప్‌లు, అంటే పానీపూరీలు, అమ్మే బండివాడే కారణమని ఆయన బండి ఎత్తించేశారు. మావయ్య ఆ బండివాడినీ, ఆఫీసర్ల క్లబ్బు వంటవాడినీ పరీక్షించాడు.

"బండోడి దగ్గర పురుగే లేదు సార్. మీ పురుగూ, మీ క్లబ్బు వంటోడి పురుగూ ఒక్కూరోలే" అన్నాడు.

సారు వెంటనే చర్య తీసుకున్నారు. ల్యాబ్ ఫ్రిజ్‌లో దాచిన ఫేజులు పారబోయించి, ఆ ఫ్రిజ్‌ని తన మంచినీళ్ల సీసాలకి తెప్పించుకున్నారు.

ఫ్రిజ్ మోసుకెళ్తున్న కూలీని మావయ్య ఆపాడు.

"మీదే ఊరు బాబూ?"