కొండ వెనక ఇల్లు

నేను చదువుకునే రోజుల్లో ఒకసారి హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో ఒక టీచరమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె చేతిలోని పటం ఏమిటని ముందు సీటులోని అవ్వ అడిగితే విప్పి చూపించింది. సముద్రపు నీరు ఆవిరై, మబ్బై, కొండకు తగిలి వానగా కురిసి, ఏరై మళ్లీ సముద్రంలో కలిసే బొమ్మ అది.

"దీంట్లో మా ఊరు యాడుండాదమ్మా?"

టీచరమ్మ కొండ వెనక, వాన గీతలు లేనిచోట పెన్సిలుతో చిన్న ఇల్లు గీసింది. "మనం ఈడుండామవ్వా. మబ్బు పడమటి కొండలకాడనే నీళ్లు దించేస్తాది. మనకొచ్చేది మిగిలిందే."

అవ్వ తన పక్కనున్న కోడలిని చూపించింది. "ఈ పిల్ల కాలు పెట్టినాకే వాన పోయిందని ఊరంతా అంటాండారు. ధర్మవరంలో పుట్టింటికాడ వదిలేదానికి పోతాండా."

"ఈ పిల్ల పుట్టకముందు నుంచీ ఆ కొండలు ఆడనే ఉండాయి కదవ్వా," అంది టీచరమ్మ.

ఎవరినీ తప్పుపట్టకుండా అంత పెద్ద మాట చెప్పగలిగినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

పెనుకొండలో బస్సు ఆగగానే అవ్వ కోడలి ట్రంకుపెట్టె తన నెత్తిన పెట్టుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దిగింది.

"హిందూపురానికి ఎనక్కి పోయే బస్సు ఎప్పుడప్పా?" అని కండక్టరును అడిగింది.