అవ్వ హంపు

పెనుకొండ పక్కన భూమి అమ్మిన ఊపులో బెంగళూరులో ఒక విదేశీ స్పోర్ట్స్ కారు కొన్నాను, సెకండ్ హ్యాండ్‌ది. పసుపు రంగు, రెండే సీట్లు, పొట్ట నేలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు. అలాంటి బండి ఉన్నవాళ్లు ఆదివారం బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టుకుంటారట. నేను రోజూ తోలాను. పొద్దున హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు, మధ్యాహ్నం ధర్మవరంలో నా పట్టునూలు అంగడికి. పక్క సీట్లో నూలు మూటలు, కాళ్లు పెట్టుకునే చోట గూళ్ల సంచి. కారంతా పురుగుల కంపు. అంత కారులో ఆ కంపు కూడా నాకు గొప్పగానే ఉండేది. నన్ను చూసి ఎంతమంది కుళ్లుకుంటే అంత సంతోషం.

ఆ సంతోషానికి అడ్డం ఒక్కటే, మా ఊరి ముందర రోడ్డుకు అడ్డంగా కట్టిన హంపు, అదే స్పీడ్ బ్రేకరు.

దాన్ని వేయించింది మా చిన్నవ్వ, మా అవ్వకు చెల్లెలు. ఆమెకు చూపు సరిగా ఆనదు. రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల బీడు. రోజూ ఆరు గొర్రెల్ని దాటించాలి. ఒకసారి ఒక గొర్రె బస్సు కింద పడింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి, అందరితో పోట్లాడి, రాళ్లు మోయించి, సిమెంటు పోయించి జానెడు ఎత్తు హంపు కట్టించింది. పెనుకొండ వైపు నుంచి దూసుకొచ్చే బండ్లన్నీ దాని మీద దడ్ మనాల్సిందే. ఆ చప్పుడు వినగానే చిన్నవ్వ గొర్రెల్ని ఆపేది. దడ్ మనలేదంటే రోడ్డు ఖాళీ అని నమ్మేది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా కారు పొట్ట ఆ హంపుకు గీసుకునేది. రెండు చెక్క పలకలు మోసుకు తిరిగి, దిగి చక్రాల ముందు వేసి, ఎక్కించి, మళ్లీ దిగి తీసుకునేవాణ్ణి. చిన్నవ్వ అరుగు మీది నుంచి అరిచేది.

"ఏమప్పా, కారు నిన్ను మోస్తాండాదా, నువ్వు కారును మోస్తాండావా?"

ఊరంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అందరూ చేన్లకు పోయాక పక్క ఊరి నుంచి ఇద్దరు కూలీలను పిలిపించి హంపును గడ్డపారలతో తవ్వించి చదును చేయించాను. కొత్త రోడ్డు వేస్తారట అని ఆ కూలీలకు అబద్ధం చెప్పాను. సాయంత్రం కారు వెన్నలా జారిపోయింది. పాట పెట్టుకున్నాను.

ఆ మాపటేళ చిన్నవ్వ రోడ్డంచున కట్టెతో తడుముకుంటూ కనిపించింది.

"హంపు యాడబాయెప్పా? కట్టెకు తగల్లేదే."

"ఆడనే ఉండాదిలే అవ్వా. నువ్వే పక్కకు వచ్చిండావు."

"అట్లనా" అని వెళ్లిపోయింది. నా మాట నమ్మింది.

మరుసటి పొద్దున పాల వ్యాను కొట్టింది. నాలుగు గొర్రెలు అక్కడికక్కడే పోయాయి. చిన్నవ్వ కుడి పాదం నుజ్జయింది. డ్రైవరు దిగి ఏడుస్తున్నాడు. "ఈడ హంపు ఉండె కదన్నా! దానికాడ బ్రేకేద్దామని చూస్తాంటి..." అందరికంటే ముందు వాణ్ణి కొట్టింది నేనే. ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని నోటి మీద ఇంకోటి కొట్టాను.

ఎవరో నా కారులో ఎక్కించమన్నారు. "పడుకోబెట్టే చోటు లేదప్పా" అన్నాను. సీటు వెనక్కి వాలుతుంది, చోటుంది. తోలు సీటుకు రక్తం అంటుతుందని ఆటో పిలిపించాను. హిందూపురం ఆస్పత్రిలో పాదం తీసేశారు.

ఊరివాళ్లు హంపు మళ్లీ కట్టారు, ఈసారి ఇంకా ఎత్తుగా. తవ్వించిందెవరో నన్ను ఎవరూ అడగలేదు. ఆ కూలీలు చెప్పకుండా ఉంటారా? చిన్నవ్వ ఇప్పుడు పొద్దున్నే హంపు పక్కన మంచం వేయించుకుని కూర్చుంటుంది. మిగిలిన రెండు గొర్రెల్ని అమ్మేసింది. నేను పలకలు వేసుకోవడం మానేశాను. దిగితే ఆమె ముందు నిలబడాలి కదా. కారు దడ్ మంటుంది, ఆపైన పొట్ట గర్రుమని చివరిదాకా గీసుకుంటుంది. ఆ గీసుకునే చప్పుడుకే నేనని ఆమెకు తెలిసిపోతుంది.

"ఏమప్పా, హంపు ఆడనే ఉండాదా?"

"ఉండాది అవ్వా."

"నేను పక్కకు రాలేదు కదా?" అని అడుగుతుంది, రోజూ.