పటంలో లేని ఊళ్లు

శంషాబాద్‌కు విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజులు. ఆరాంఘర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న రైతు, నా ఒళ్లోని పటాన్ని అనుమానంగా చూశాడు. సముద్రంలో చేపల వేట ఆపాల్సిన చోట్లను, ఒక చోట పుట్టిన పిల్లచేపలు మరో చోటికి చేరగలిగేంత దగ్గరగా, ఆ పటంలో ఎర్రగీతలతో గుర్తించాను.

"ఏ ఊరి భూములు పోతున్నయి సారూ?"

"భూములు కావు, సముద్రం. చేపల్ని కాపాడటానికి."

అతను నమ్మలేదు. కాయలు కాసిన వేలితో తీరమంతా వెతికాడు.

"ఒడ్డుకు ఊర్లు లేవా?"

"ఉన్నాయి. ఇందులో వేయలేదు," అన్నాను చిరాగ్గా.

"ఎయిర్‌పోర్టుకని మా పొలాల మీద గీతలు గీసినప్పుడు గూడ గిట్లనే. పటంల మా ఊరు లేకుండె."

అతను దిగిపోయాక పెన్సిల్ తీసి, ఒడ్డు వెంట ఊళ్ల పేర్లు రాయబోయాను.

నాకు రెండే తెలుసు.