క్లచ్‌కు ఏ మూత? మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

మా మనవరాలు సాహితి పోయిన నెల తన జీతంతో ఒక సెకండ్ హ్యాండ్ ఇటలీ మోటార్‌సైకిల్ కొంది. చూడ్డానికి ఎర్రగా, బుద్ధిగా ఉంటుంది. స్టార్ట్ చేస్తే మాత్రం స్టీలు సామాన్ల దుకాణంలో పిల్లి దూరినట్టే. మామూలు బండ్లలో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయట, దీనివి పొడిగా ఉంటాయట, అందుకే ఆ గలగల. పైగా వాటి మీదుండే మూత సగం పగిలిపోయింది. వాళ్ల నాయిన, అంటే మా కొడుకు యాదగిరి, రాత్రంతా బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీ తోలి పగలు పడుకునే మనిషి. వారం రోజులు ఓపిక పట్టి శనివారం తీర్పు చెప్పేశాడు. "రేపు దూరం లోడుంది, సాయంత్రం దించి ఒస్త. అప్పటికి చప్పుడు తగ్గకపోతే బండి అమ్ముడే." పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది. నేను ఊరుకోలేక, "తగ్గకపోతే నన్నడుగు" అని జమానతు పడ్డాను. క్లచ్ అంటే ఏ పక్క ఉంటుందో కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆదివారం పదింటికి మన్సూరాబాద్‌లో బయలుదేరాం. దిల్‌సుఖ్‌నగర్ మామూలుగా అరగంట లోపు దారి, ఆదివారమైతే ఇంకా తొందరగా పోవచ్చు. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర సాహితి క్లచ్ పట్టుకుని నిలబడగానే గలగల మొదలైంది. పక్కన ఆటో అతను తల బయటపెట్టాడు.

"తాతా, ఇంజన్ల బేరింగ్ పోయినట్టుంది. పక్కకు పెట్టుర్రి."

"బేరింగ్ కాదు తమ్మీ, నా పండ్లు. చలికి కొట్టుకుంటున్నయి" అన్నాను. ఎండ మాడిపోతోంది. అతను నా నోటి వైపే చూస్తుండగా సిగ్నల్ పడింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో స్పేర్ పార్టుల దుకాణం. ఓనరు గుంటూరు వైపు మనిషి. మా ముందు రెండు మూతలు పెట్టాడు. ఒకటి ఓపెన్, చుట్టూ అంచు తప్ప అంతా ఖాళీ, లోపల తిరిగేదంతా కనిపిస్తుంది. ఇంకోటి క్లోజుడు, గిన్నె బోర్లించినట్టు. రెండూ రెండు మూడు వేల మధ్యే.

"ఓపెన్ అయితే గాలి తగిలి వేడి తగ్గుద్ది బాబాయ్ గారూ. ప్లేట్లు అరిగి రాలే పొడి కూడా బయటికెళ్లిపోద్ది."

"గట్లయితే మంచిదే గదా?"

"మంచిదేనండి. కాకపోతే వాన, దుమ్ము లోపలికెళ్తాయి. చప్పుడూ ఎక్కువే."

"అయితే ఒద్దంటవా?"

"అబ్బే, వద్దని నేనన్నానా? క్లోజుడుకి చప్పుడు తగ్గుద్ది. కాకపోతే పొడి లోపలే ఉండిపోద్ది, అప్పుడప్పుడూ విప్పి దులపాలి."

"నువ్వు పెండ్లి సంబంధాలు గిన చూస్తవా అయ్యా? ఇద్దరు పిల్లలనూ మెచ్చుకుంటవ్, ఇద్దరికీ వంక పెడ్తవ్."

ఎంతసేపు విన్నా నాకు అర్థమైంది సున్నా. సాహితి మాత్రం ఓపెన్ దాన్ని వదలడం లేదు. "తాతా, లోపల ప్లేట్లు తిరుగుతుంటే చూడు, ఎంత ముద్దుగున్నయో." మేం వచ్చింది చప్పుడు తగ్గించడానికి. ఆ సంగతి నాకు గుర్తుంది. అయినా పిల్ల మొహం చూసి నాకు కొంటె ఆలోచన వచ్చింది. "కొనవే. ఇంటి మూల మీదనే ఇంజన్ బంద్ చేసి తోస్కపోదాం. మీ నాయినకేం తెలుస్తది?" ఓపెన్‌దే బిగించారు.

మా ఇంట్లో బండికి కొత్త అద్దం వేసినా కొబ్బరికాయ కొట్టందే ముందుకు కదలం. కొత్తపేటలో రోడ్డు పక్క హనుమంతుడి గుడి దగ్గర ఆపించాను. పూజారి కాయ కొట్టి నీళ్ల చిప్ప నా చేతికిచ్చాడు. కొత్తగా వచ్చింది క్లచ్ మూతే కదా, దానికే చేరాలని చిప్పెడు నీళ్లూ భక్తిగా అక్కడే పోశాను. మూత ఓపెన్. నీళ్లు నేరుగా ప్లేట్ల మీదికి పోయాయి.

ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. మాడిన వాసన వచ్చింది.

"తాతా, క్లచ్ మీద ఏం పోసినవ్?"

"తీర్థం."

పిల్ల నవ్వలేదు. ఇద్దరం తోసుకుంటూ దగ్గర్లోని మెకానిక్ షెడ్డుకు చేరాం. అతను విప్పి చూసి, వేలితో జిగురు సాగదీసి చూపించాడు. "పొడి క్లచ్‌కు తడి తగలొద్దు పెద్దాయనా. తుడిచి ఆరబెడ్త. ఇంట్ల మీ అసొంటోళ్లుంటే క్లోజుడే మంచిది."

"ఓపెన్ల గాలి తగుల్తదని దుకాణపాయన అన్నడే?"

"గాలి తగుల్తది. నువ్వు గూడ తగుల్తవ్ గదా!"

సాహితి దుకాణానికి ఫోన్ చేసి, మూత మార్చిస్తారా అని అడిగి, ఓపెన్ మూత పట్టుకుని మెట్రో ఎక్కింది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు టికెట్ ముప్పై లోపే. క్లోజుడు మూతతో తిరిగొచ్చేసరికి ప్లేట్లు ఆరాయి. బిగించాక గలగల తగ్గింది గానీ పోలేదు. నా జమానతు సగమే నిలిచింది.

ఇంటి మూల మీద "ఇంజన్ బంద్ చెయ్" అని గుసగుసలాడాను. పిల్ల వినలేదు. గేటు ముందు నిలబడ్డ వాళ్ల నాయిన ఎదురుగానే ఆపి, క్లచ్ గట్టిగా పట్టుకుంది. ఉన్న చప్పుడంతా వినిపించింది.

"ఇంక ఉన్నది గదా?" అన్నాడు యాదగిరి.

"ఉంటది డాడీ. గీ బండి గిట్లనే ఉంటది. గింతకంటె తగ్గది. అమ్ముతనంటే అమ్ము. తాత చెప్పినట్టు ఇంజన్ బంద్ చేసి దొంగతనంగ తేలేను."

వాడు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత మీద చెయ్యి పెట్టి చూశాడు. "నేను పండుకున్నప్పుడు గల్లీల స్టార్ట్ చెయ్యొద్దు. మెయిన్ రోడ్డు దాక తోస్కపో" అని లోపలికి పోతూ, "నాయినా, నువ్వు మాత్రం బండికి దూరముండు" అన్నాడు.

ఏ మూత మంచిదని అడిగితే నాకు ఇప్పటికీ తెలియదు. గాలి కావాలంటే చప్పుడు భరించాలి, నెమ్మది కావాలంటే పొడి దులపాలి. రెండూ కావాలన్నవాడు నాలాగే రోజంతా రోడ్ల మీద తిరుగుతాడు. ఒకటి మాత్రం తెలిసింది. చప్పుడును దాచిపెడదామని నేను వేసిన ఎత్తుకంటే, దాన్ని పూర్తిగా వినిపించిన పిల్ల ధైర్యమే బండిని ఇంట్లో నిలబెట్టింది.

మీరూ ఈ పని మీద వెళ్తే నా సలహా ఒకటే: మూత బిగించాక డబ్బులిచ్చే ముందు ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పట్టుకుని వినండి, వదిలి కూడా వినండి. పట్టుకున్నప్పుడు వచ్చేదే అసలు చప్పుడు.